తుంటి ఎముక విరిగినప్పుడు



ఇంట్లో పెద్దవారు జారిపడి తుంటి విరిగిందంటే వెంటనే మూడు మాటలు వినిపిస్తాయి. ఒకరు, "కట్టు కట్టిద్దాం, అదే అతుక్కుంటుంది" అంటారు. ఇంకొకరు, "ఈ వయసులో ఆపరేషన్ దేనికి? మంచం మీద ఉంచి మనమే చూసుకుందాం" అంటారు. మూడవవారు, "పొలం తాకట్టు పెట్టైనా సరే, అన్నిటికంటే ఖరీదైన కీలు వేయిద్దాం" అంటారు. మూడూ ప్రేమతో అన్న మాటలే. అయితే మూడింటిలోనూ ప్రమాదం ఉంది. అందుచేత ఈ నెల కుటుంబ ఆరోగ్య శీర్షికలో తుంటి కీలు గురించి, దాన్ని మార్చే ఆపరేషన్ గురించి, ఆ తర్వాత మన పల్లెటూరి ఇళ్లలో కోలుకోవడం గురించి చెప్పుకుందాం.

తొడగూడు అంటే ఏమిటి?

ఆదికాండములో యాకోబు రాత్రంతా పెనుగులాడిన సంగతి మనందరికీ తెలుసు. అక్కడ దెబ్బ తగిలింది తొడగూటికే. తొడ ఎముక పైభాగం బంతిలాగా ఉంటుంది. నడుము ఎముకలో గిన్నెలాంటి గుంట ఉంటుంది. ఆ గిన్నెలో ఈ బంతి తిరుగుతుంటేనే మనం నడవగలం, కూర్చోగలం, వంగగలం. బంతికి, తొడ ఎముకకు మధ్యనున్న సన్నని భాగాన్ని మెడ అంటారు. వయసు మళ్లినవారి ఎముకలు గుల్లబారి ఉంటాయి గనుక, బాత్‌రూంలో కాలు జారినా, గడప తట్టుకుని పడినా ఆ మెడ విరిగిపోతుంది.

పడిన తర్వాత లేచి నిలబడలేకపోవడం, గజ్జలో నొప్పి, ఆ కాలు రెండవదానికంటే పొట్టిగా కనబడడం, పాదం బయటివైపుకు తిరిగిపోవడం - ఇవి తుంటి విరిగిందనడానికి గుర్తులు. ఇవి కనబడితే కాలు లాగి సరిచేయాలని చూడకండి. కదపకుండా పలక మీద గాని, గట్టి మంచం మీద గాని పడుకోబెట్టి, ఎక్స్‌రే తీసే ఆస్పత్రికి తీసుకువెళ్లండి.

కట్టు సంగతి

పుత్తూరు కట్టు పేరు తెలియని తెలుగువారు లేరు. చెయ్యి విరిగి కట్టుతో బాగుపడినవారు మన సంఘాల్లోనే ఉన్నారు. అయితే తుంటి మెడ విషయం వేరు. బంతికి నెత్తురు తీసుకువెళ్లే సన్నని నాళాలు ఆ మెడ గుండానే పోతాయి. మెడ విరిగి ఎముక పక్కకు జరిగితే ఆ నాళాలు తెగిపోతాయి. నెత్తురు అందని ఎముకను బయటినుండి ఎంత గట్టిగా కట్టినా అది అతకడం కష్టం. పైగా తుంటి చుట్టూ కండ మందంగా ఉంటుంది గనుక కట్టు ఆ కీలును కదలకుండా పట్టి ఉంచలేదు.

మెడకు కాస్త కిందుగా విరిగే రకం ఇంకొకటి ఉంది. అక్కడ నెత్తురు బాగా అందుతుంది, ఎముక అతుకుతుంది. దానికి సాధారణంగా కీలు మార్చనక్కరలేదు. లోపల కడ్డీ గాని, ప్లేటు, మర గాని బిగిస్తారు. అయితే అది కూడా ఆపరేషన్ లేకుండా అతకాలంటే వారాల తరబడి కదలక పడుకోవాలి.

పెద్దవారిని ఎక్కువగా దెబ్బతీసేది ఆ పడకే. కదలక పడుకున్న ముసలివారికి వీపు మీద, పిరుదుల మీద పుండ్లు పడతాయి. ఊపిరితిత్తుల్లో కఫం చేరి న్యుమోనియా వస్తుంది. మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తుంది. కాలి నరాల్లో నెత్తురు గడ్డకడుతుంది. "తుంటి విరిగి మంచాన పడింది, మూడు నెలల్లో పోయింది" అని మనం వినే మాటలకు చాలాసార్లు కారణం ఇవే. అందుకే వైద్యులు, ఒంట్లో మిగతా పరిస్థితి అనుమతిస్తే, రెండు రోజుల్లోపు ఆపరేషన్ చేయాలని చూస్తారు. వయసు ఎక్కువైంది కదా అని మానుకోవడం కాదు, వయసు ఎక్కువైనందుకే త్వరపడాలి. పెద్దవారిని లేపి నడిపించడానికే ఈ ఆపరేషన్.

ప్రార్థన చేస్తే చాలదా?

కొన్ని ఇళ్లలో ఈ ప్రశ్న వస్తుంది. ఆపరేషన్‌కు ఒప్పుకుంటే విశ్వాసం తక్కువైనట్టేమోనని కొందరు పెద్దలు లోలోపల బాధపడతారు. హిజ్కియా రాజు మరణకరమైన రోగంతో ఉన్నప్పుడు కన్నీళ్లతో ప్రార్థించాడు. దేవుడు విన్నాడు. అయినా యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద పుండుకు కట్టమని చెప్పాడు. ప్రార్థన విన్న దేవుడే ఆ మందునూ వాడుకున్నాడు. సువార్త వ్రాసిన లూకా వైద్యుడే. కాబట్టి ప్రార్థించి వెళ్లండి, వెళ్లి కూడా ప్రార్థించండి. ప్రార్థన పేరుతో ఆ రెండు రోజులు పోగొట్టవద్దని మాత్రం ప్రభువు పేరట బతిమాలుతున్నాము.

సగం కీలా, పూర్తి కీలా?

మెడ విరిగినవారికి వైద్యులు చెప్పే ఆపరేషన్లు ముఖ్యంగా రెండు. బంతిని మాత్రమే తీసి దాని స్థానంలో లోహపు బంతి పెట్టడం ఒకటి. దీన్ని సగం కీలు అనుకుందాం. ఆస్టిన్ మూర్, థాంప్సన్, బైపోలార్ అనే పేర్లు ఆస్పత్రిలో వింటారు. అవి ఈ రకానివే. గిన్నె, బంతి రెండూ మార్చడం రెండవది. అది పూర్తి కీలు.

ఇంట్లో అటూ ఇటూ నాలుగడుగులు మాత్రమే వేసే బలహీనమైన పెద్దవారికి సగం కీలు తరచుగా సరిపోతుంది. ఆపరేషన్ త్వరగా ముగుస్తుంది, ఖర్చూ తక్కువ. పడకముందు ఒంటరిగా సంతకు, పొలానికి, గుడికి నడిచివెళ్లే ఆరోగ్యవంతులకు పూర్తి కీలు మంచిదని వైద్యులు చెప్పవచ్చు. దెబ్బ తగలకుండానే కీలు అరిగిపోయినవారికి, బంతికి నెత్తురు అందక అది కుళ్లినట్లు అయిపోయినవారికి కూడా పూర్తి కీలే వేస్తారు. ఈ చివరి జబ్బు ముప్పై నలభై ఏళ్లవారికీ వస్తుంది. సారాయి, బ్రాంది ఎక్కువగా తాగడం, స్టెరాయిడ్ మందులు ఎక్కువకాలం వాడడం దీనికి ముఖ్య కారణాలు. నొప్పులకని ఊళ్లో ఎవరో ఇచ్చే పేరులేని పొడులు, బిళ్లలు మింగేవారు ఈ మాట గుర్తుంచుకోండి. వాటిలో కొన్నిటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది.

సిమెంటుతో బిగించాలా, సిమెంటు లేకుండానా అన్నది మరొక ప్రశ్న. ఎముక గుల్లబారిన పెద్దవారికి సిమెంటు వెంటనే గట్టి పట్టునిస్తుంది. ఎముక గట్టిగా ఉన్న చిన్న వయసువారికి, ఎముకే పెరిగి కీలును పట్టుకునేలా గరుకైన పూత వేసిన కీలు వాడతారు. ఇది ఎక్స్‌రే చూచి వైద్యుడు తేల్చవలసిన సంగతి.

ఖరీదైనదా, కాలం నిరూపించినదా?

కుటుంబాలు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే. లోహపు బంతి, ప్లాస్టిక్ గిన్నె ఒక జత. పింగాణి జాతికి చెందిన సిరామిక్ బంతి, ప్లాస్టిక్ గిన్నె ఇంకొక జత. రెండూ సిరామిక్ అయినది మరొకటి. ధరలు మెట్టుమెట్టుకూ పెరుగుతాయి. "కొత్తగా వచ్చింది, విదేశాలది" అనగానే మన మనసు అటు లాగుతుంది. ఈ సందర్భంలో ఒక చరిత్ర తెలుసుకోవడం మేలు.

ఇంగ్లాండులోని లాంకషైర్ ప్రాంతంలో రైటింగ్టన్ అనే ఆస్పత్రి ఉంది. అక్కడ జాన్ చార్న్‌లీ అనే శస్త్రవైద్యుడు 1950ల చివర కీలు గిన్నెను టెఫ్లాన్‌తో చేయించాడు. ఇప్పుడు అంటుకోని పెనాలకు పూత పూసేది అదే. రోగులు నొప్పి లేకుండా నడిచారు, అందరూ సంతోషించారు. కాని రెండు మూడేళ్లలో ఆ గిన్నెలు అరిగిపోయాయి. అరిగిన పొడి చుట్టూ ఉన్న ఎముకను పాడుచేసింది. చార్న్‌లీ తాను వేసిన కీళ్లను తానే మళ్లీ తీయవలసి వచ్చింది. ఆ పదార్థం శరీరంలో ఏమి చేస్తుందో తెలుసుకోవడానికి దాని ముక్కలను తన తొడలోనే పెట్టించుకుని చూశాడు.

1962లో, నేత యంత్రాల పళ్లచక్రాలకు వాడే ఒక గట్టి ప్లాస్టిక్ ఆయన ప్రయోగశాలకు వచ్చింది. ఆయనకు దానిమీద నమ్మకం కుదరలేదు. కాని అక్కడ యంత్రాల పని చూసే హ్యారీ క్రేవెన్ దాన్ని అరుగుదల యంత్రానికి బిగించి తిప్పాడు. మూడు వారాలు తిరిగినా, టెఫ్లాన్ ఒక్క రోజులో అరిగినంత కూడా అది అరగలేదు. ఆ సంవత్సరం నవంబరులో చార్న్‌లీ దానితో చేసిన గిన్నెను మొదటిసారి వాడాడు. అయినా ముందు జరిగిన నష్టాన్ని మరచిపోలేదు. కొన్నేళ్లు తన రోగులను గమనించిన తర్వాతే ఇతర వైద్యులకు ఆ కీలును ఇవ్వసాగాడు. లోహపు బంతి, ప్లాస్టిక్ గిన్నె అనే ఆ జతే, మరింత మెరుగుపడి, నేటికీ లోకమంతటా వాడుకలో ఉంది. 1990ల చివరినుండి వచ్చిన గట్టిపరచిన ప్లాస్టిక్ ఇంకా తక్కువ అరుగుతుంది.

దీనికి ఎదురు కథ కూడా ఉంది. డిప్యూ అనే సంస్థ ఏఎస్ఆర్ అనే పేరుతో బంతి, గిన్నె రెండూ లోహంతో చేసిన కీలును 2003లో అమ్మకానికి తెచ్చింది. చిన్న వయసువారికి ఎక్కువకాలం మన్నుతుందని ఆశపడ్డారు. అయితే లోహం లోహాన్ని రాచుకుని కోబాల్టు, క్రోమియం నెత్తురులో చేరాయి. కీలు చుట్టూ కండ దెబ్బతిన్నది. 2010 ఆగస్టులో ఆ కీలును ప్రపంచమంతటా వెనక్కు తీసుకున్నారు. మన దేశంలోనే దాదాపు 4,700 ఆపరేషన్లలో దాన్ని వాడారు. నష్టపోయినవారి సంగతి విచారించడానికి కేంద్ర ప్రభుత్వం 2017లో నిపుణుల సంఘాన్ని నియమించింది. నష్టపరిహారం అడగవలసి వచ్చినప్పుడు, తమ ఒంట్లో ఉన్నది ఏ కీలో చూపించే కాగితం లేనివారు ఇబ్బందిపడ్డారు.

పరీక్షించి చూచి మంచిదాన్ని పట్టుకోమని పౌలు థెస్సలొనీక సంఘానికి చెప్పిన బుద్ధి కీలు కొనేటప్పుడు కూడా పనికివస్తుంది. కీలుకు పరీక్ష దాని ధర కాదు, అది మనుషుల ఒంట్లో గడిపిన సంవత్సరాలు. ఆస్ట్రేలియా, ఫిన్లాండు దేశాల్లో ఆపరేషన్ చేయించుకున్నవారి లెక్కలను 2019లో కూడి చూస్తే, పూర్తి కీలు మార్చినవారిలో 100కి దాదాపు 58 మందికి ఆ కీలు 25 ఏళ్లు నిలిచింది. అంటే డెబ్బై అయిదేళ్ల అవ్వకు బాగా పరీక్షకు నిలిచిన సాధారణమైన కీలు జీవితాంతం సరిపోయే అవకాశమే ఎక్కువ. ఆమె కోసం మనవరాలి చదువు డబ్బు ఖర్చుపెట్టి సిరామిక్ కీలు వేయించనక్కరలేదు. అదే నలభై ఏళ్ల మనిషికైతే తక్కువ అరిగే జత కోసం కొంత ఎక్కువ పెట్టడంలో అర్థం ఉంది.

వైద్యుణ్ణి అడగవలసిన ప్రశ్నలు

అడిగితే డాక్టరుగారు ఏమనుకుంటారోనని భయపడకండి. మర్యాదగా అడిగితే మంచి వైద్యులు చెబుతారు. ఒక కాగితం మీద వ్రాసుకుని వెళ్లండి.

1. విరిగింది మెడ దగ్గరా, దాని కిందనా? కీలు మార్చాలా, కడ్డీ చాలా?
2. సగం కీలా, పూర్తి కీలా? మా మనిషికి అదే ఎందుకు?
3. ఈ కీలు ఎన్నేళ్లుగా వాడుకలో ఉంది? మీరు దీన్ని తరచుగా వేస్తారా?
4. మొత్తం ఖర్చు ఎంత? ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద ఎంత వస్తుంది? ఈ సంగతి ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను కూడా అడగండి.
5. కీలు పెట్టె మీది స్టిక్కర్లు మా కాగితాలకు అంటిస్తారా?

ఆ స్టిక్కర్ల మీద కీలు పేరు, కొలత, నంబరు ఉంటాయి. పొలం పాసుపుస్తకంతో పాటు ఆ కాగితాన్ని భద్రపరచండి.

ఇంటికి వచ్చిన తర్వాత

ఆపరేషన్ ఒక పూటలో ముగుస్తుంది. కోలుకోవడానికి మూడు నెలలు కావాలి. అది మన ఇంట్లోనే జరగాలి. చాలామందిని మరుసటి రోజే లేపి వాకర్‌తో నిలబెడతారు. "పాపం, నొప్పి" అని మనం మళ్లీ పడుకోబెట్టకూడదు.

మన ఇళ్లలో బతుకంతా నేల మీదే. పీట మీద కూర్చుంటాం, చాప మీద పడుకుంటాం, దొడ్డికి గొంతుకూర్చుంటాం. కొత్త కీలుకు ఇవే ప్రమాదం. తుంటి బాగా వంగితే, కాలు లోపలికి మెలితిరిగితే బంతి గిన్నెలోనుండి జారిపోవచ్చు. కాబట్టి మనిషి ఆస్పత్రిలో ఉండగానే ఇల్లు సిద్ధం చేయండి.

కుంగిపోయే నులకమంచం పనికిరాదు. మోకాలి ఎత్తుకు తగ్గని గట్టి మంచం కావాలి. రెండు మోకాళ్ల మధ్య దిండు పెట్టి వెల్లకిలా పడుకోబెట్టండి. చేతులున్న ఎత్తైన కుర్చీ ఒకటి ఉంచండి. కాలు మీద కాలు వేసుకోనివ్వకండి. కింద పడిన వస్తువును వంగి తీయనివ్వకండి. దొడ్డికి కమోడ్ కుర్చీ కొనండి. కొనలేకపోతే, గట్టి ప్లాస్టిక్ కుర్చీకి మధ్యలో రంధ్రం కోయించి, దాని కాళ్లు జారకుండా చూచి వాడవచ్చు. గోడకు పట్టుకునే కమ్మీ బిగించండి. ఈ కట్టుబాట్లు ఎంతకాలమన్నది ఆపరేషన్ చేసిన పద్ధతిని బట్టి ఉంటుంది గనుక మీ వైద్యుణ్ణే అడగండి.

వాకర్ నుండి చేతికర్రకు వచ్చినప్పుడు, కర్రను ఆపరేషన్ అయిన కాలివైపు కాదు, రెండవ చేతిలో పట్టుకోవాలి. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు. దిగేటప్పుడు ఆపరేషన్ అయిన కాలు ముందు. నెత్తురు గడ్డకట్టకుండా ఇచ్చిన మందును చెప్పినన్ని రోజులు వాడాలి. తుంటికి మర్దన చేస్తామని వచ్చేవారిని దూరంగా ఉంచండి.

భోజనం విషయంలో ఒక మాట. "పప్పు తింటే చీము పడుతుంది, గుడ్డు తినకూడదు" అని పెద్దవారిని చారు అన్నంతో ఉంచే ఇళ్లు ఇంకా ఉన్నాయి. గాయం మానడానికి, కండ పెరగడానికి కావలసింది పప్పు, గుడ్డు, పాలు, చేపలే. షుగరు ఉన్నవారికి దాన్ని అదుపులో ఉంచడమే చీము పట్టకుండా చేసే పథ్యం. ఒకసారి తుంటి విరిగినవారికి రెండవది కూడా విరిగే ప్రమాదం ఎక్కువ గనుక ఎముకలకు బలమిచ్చే మందుల సంగతి కూడా వైద్యుణ్ణి అడగండి.

పిక్క వాచి నొప్పి పెట్టినా, ఆయాసం వచ్చినా, గాయం నుండి నీరు గాని చీము గాని కారినా, జ్వరం వచ్చినా, ఉన్నట్టుండి కాలు పొట్టిదై కదపలేకపోయినా తెల్లవారేదాకా ఆగకండి. వెంటనే ఆస్పత్రికి తీసుకుపోండి.

సంఘం చేయవలసినది

తుంటి ఆపరేషన్ అయిన పెద్దలను కొన్నిసార్లు నొప్పికంటే ఎక్కువగా బాధించేది ఒకటుంది. మోకరించలేకపోవడం. అరవై ఏళ్లు తెల్లవారుజామున మోకాళ్లూని ప్రార్థించిన తల్లి ఇప్పుడు మంచం మీద కూర్చుని ప్రార్థించడం అపరాధమేమోనని కుమిలిపోతుంది. కొందరు ఆ సిగ్గుతోనే ఆరాధనకు రావడం మానుకుంటారు. మరికొందరు ఎవరూ చూడనప్పుడు మోకరించబోయి ప్రమాదం తెచ్చుకుంటారు. తొడగూటికి దెబ్బ తగిలిన యాకోబు ముసలితనంలో తన చేతికర్ర మీద ఆనుకునే దేవునికి నమస్కరించాడని హెబ్రీ పత్రిక జ్ఞాపకం చేస్తుంది. ఆ ఆరాధనను దేవుడు తక్కువగా ఎంచలేదు. ఈ సంగతి కాపరిగారు ఇంటికి వెళ్లి తమ నోట చెబితే ఆ తల్లికి ఎంతో ధైర్యం కలుగుతుంది.

చాపలు పరచి కూర్చునే గుళ్లలో ముందు వరుసలో నాలుగు ఎత్తైన కుర్చీలు ఉంచండి. ప్రభుబల్ల వారు కూర్చున్న చోటికే తీసుకువెళ్లండి. గుడి మెట్ల పక్కన కమ్మీ పెట్టించండి.

పక్షవాయువు గల మనిషిని పైకప్పు విప్పి యేసు ఎదుట దింపినవారు నలుగురు. ఒక్కరు మోయలేని మంచాన్ని నలుగురు మోశారు. నేడు మన పల్లెల్లో పిల్లలు బతుకుతెరువు కోసం హైదరాబాదులో, బెంగుళూరులో ఉంటే, ఊళ్లో ముసలివారు ఇద్దరే మిగిలి ఉన్నారు. అటువంటి ఇంట్లో తుంటి విరిగితే నాలుగు మూలలు పట్టేది సంఘమే. యౌవనస్థులు ఆస్పత్రికి చేర్చి నెత్తురు ఇవ్వవచ్చు. స్త్రీల సమాజము వారు వంతులవారీగా భోజనం పంపవచ్చు. ఒకరు రోజూ సాయంత్రం వచ్చి పదడుగులు నడిపించవచ్చు. ఒక వాకర్, ఒక కమోడ్ కుర్చీ సంఘపు కానుకల్లోనుండి కొని గుడిలో ఉంచితే, ఒకరి తర్వాత ఒకరికి ఏళ్ల తరబడి ఉపయోగపడతాయి.

ఈ ఆదివారం ఆరాధన ముగిసిన తర్వాత సంఘ పెద్దలు ఈ ఒక్క సంగతి మాట్లాడుకోవలెనని కోరుచున్నాము. మన ఇళ్లలోని వృద్ధుల అడుగులను ప్రభువు స్థిరపరచును గాక. ఆమేన్.